ఇస్త్రీ చేసిన కార్డులు

లెక్కల టీచరు నా కార్డుల పెట్టె తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి ఐదు నిమిషాలయింది, గోడ గడియారంలో రెండూ ఐదు, ఫైనల్ మూడింటికి, అంటే ఇంకా యాభై ఐదు నిమిషాలు నేనిలా కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని ఉండాలి, ఊరికే. చేతిలో పని లేకుండా కూర్చోవడం నాకు చేతకాదు. ఒళ్లో గుడ్డ ఉండాలి, కనీసం విప్పాల్సిన కుట్టైనా ఉండాలి. టీచరు వారమంతా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి ఆదివారం ఇక్కడ జడ్జీగా కూర్చుంటుంది, రెంటికీ ఒకటే మొహం. ఫైనల్‌కు ముందు ఇద్దరి కార్డులూ తీసుకుని చూడాలి, అది నియమం. ఎలా చూస్తుందో తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది: నలభై కార్డుల్నీ కట్టగా బల్ల మీద పెట్టి, చెంప బల్లకు ఆనించి పక్కనుంచి చూస్తుంది, ఎక్కడైనా సందు ఉందా, ఏ కార్డైనా వంగి ఉందా అని. తర్వాత ఒక్కొక్కదాన్నీ వెనక్కి తిప్పి దీపం కింద పెట్టి, కార్డుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు మీద గీత పడిందా, మూల నలిగిందా అని చూస్తుంది. వెనకనుంచి నలభై కార్డులూ ఒక్కలా ఉండాలి. ఏ కార్డు ఏదో తిప్పి చూసేదాకా ఆడేవాళ్లకు తెలియకూడదు, ఈ ఆటంతా ఆ ఒక్కదాని మీదే నిలబడి ఉంది. నా నలభైలో ఆమెకు ఏమీ దొరకదు. వంపు లేదు, గీత లేదు, అన్నీ చదునుగా ఉన్నాయి. ఎందుకుండవు, అందులో నాలుగింటిని నేనే ఇస్త్రీ చేశాను.

ఈ షాపు మా మరిదిది. ముందు గదంతా అద్దాల బీరువాలు, వాటి నిండా పసుపెక్కిన పాత వీడియో గేములు, వాటిలో దూర్చే క్యాసెట్లు, చుట్టలు చుట్టలుగా వైర్లు. ఎవరిళ్ల అటకల మీదో పడున్నవాటిని తెచ్చి, విప్పి, దూదితో స్పిరిట్ అద్ది తుడిచి, ఆడించి చూసి బీరువాలో పెడతాడు. వెనక గదిలో ఆరు బల్లలు, కార్డులాడేవాళ్లకి. మా ఆయన నీళ్ల పంపుల దగ్గర షిఫ్టు పని చేస్తాడు, తమ్ముడి షాపును ఇప్పటికీ బొమ్మల కొట్టు అనే అంటాడు, ఆదివారం నేను చెప్పులేసుకుంటుంటే, పేకాటకా, అని అడుగుతాడు. పేకాట కాదు, ఇందులో ఎవరూ ఏమీ ఒడ్డరు, ఎవరి కార్డులు వాళ్లు ఏరి తెచ్చుకుని ఆడతారు అని మొదట్లో వివరించేదాన్ని. ఇప్పుడు, అవును పేకాటకే, వంట గిన్నెల్లో ఉంది, అనేసి వచ్చేస్తాను. పక్కింటావిడ అది నిజమే అనుకుని ఒకరోజు మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, మానుకోమ్మా, మా తమ్ముడూ ఇలాగే మొదలుపెట్టాడు, అంది. నేను ఇక్కడికి ఆడటానికి రాలేదసలు, కుట్టడానికొచ్చాను. కార్డుల కింద పరుచుకునే రబ్బరు చాపలుంటాయి, పైన బొమ్మ అచ్చేసిన గుడ్డ ఉంటుంది, అంచుల్లో ఆ గుడ్డ లేచిపోతుంది. మరిది ఒక పదింటిని చంకలో పెట్టుకుని నా దుకాణానికొచ్చి, వదినా, మీ ప్యాంట్ల అంచులకంటే ఇవేం కష్టం కాదులెండి, అన్నాడు. కష్టమే. రబ్బరు సూదిని పట్టేస్తుంది. మిషను పాదం కింద పలచటి కాగితం వేసి కుట్టి, తర్వాత కాగితం చింపేయాలని కనిపెట్టేసరికి నాలుగు సూదులు విరిగాయి. కుట్టినవి ఇవ్వడానికొచ్చి బల్ల పక్కన నిలబడి చూశాను, మళ్లీ వారం ఇంకాసేపు చూశాను. ఎవడో తప్పు కార్డు వేస్తుంటే, అయ్యో అది కాదు బాబూ, అన్నాను. అంతే, అదే మొదలు. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇక్కడ నన్ను కత్తెరమ్మ అంటారు. నా వృత్తిని బట్టి అంటున్నారో ఆటను బట్టి అంటున్నారో నేను అడగలేదు, రెండూ బాగానే ఉంటాయి.

మూడో కుర్చీలో పళ్ల డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, ఫైనల్లో నాకు ఎదురు ఆయనే. పెద్దమనిషి, కార్డు వేసేటప్పుడు కూడా నోరు తెరవండి అన్నట్టు తల కాస్త పక్కకు వంచుతాడు. ఇందాక నవ్వుతూ, మీకు నొప్పి తెలియకుండా కానిచ్చేస్తాను లెండి, అన్నాడు. నా దగ్గర మత్తుమందు లేదు డాక్టరు గారూ, కోతొక్కటే, అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నా వేళ్లు తొడ మీద ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఆయన చూశాడేమో, వణుకనుకుని ఉంటాడు. వణుకు కాదు.

ముందు గదిలోంచి పాట వినిపిస్తోంది, పాటంటే పాట కాదు, గేములో వచ్చే టింగుటింగు మోత, ఎనిమిది మెట్లు పైకి, ఐదు కిందికి, మళ్లీ మొదటికి. పాత డొక్కు టీవీ ముందు చిన్న స్టూలు వేసుకుని మా అమ్మాయి ఆడుతోంది. నాకు వీపే కనిపిస్తోంది, జడ లేదు, మెడ దగ్గరికి కత్తిరించుకుంది, ఒక భుజం కాస్త పైకి లేస్తుంది, బొమ్మ మనిషి గొయ్యి దూకేటప్పుడల్లా. చిన్నప్పుడూ అంతే. తొమ్మిదేళ్లప్పుడు బాబాయి తెచ్చిచ్చాడు ఆ ఆట పెట్టెను, అప్పటికి అతనికి ఈ షాపు లేదు, బస్టాండు పక్కన బడ్డీ ఉండేది. కుట్టుమిషను చప్పుడూ ఆ టింగుటింగూ మా ఇంట్లో ఏడేళ్లు కలిసి నడిచాయి. నేను ఒక పొడుగు కుట్టు వేస్తే అది ఒక మెట్టు ఎక్కేది. పదహారో ఏట పెద్ద పరీక్షలొచ్చాయి, దానికి పుస్తకం మీద కళ్లు నిలవడం లేదు, అడిగాను, కోప్పడ్డాను, సరే అనేది, నేను పాలకు వెళ్లొచ్చేసరికి మళ్లీ అదే మోత. ఒకరోజు కరెంటు ఎగుడుదిగుడుగా వచ్చింది, బల్బు ఒకటి పోయింది. ఆ సందు చూసుకుని పెట్టెను తీసి కత్తిరింపు బల్ల కింద ముక్కల గోనెలో అడుగున పెట్టేశాను. బళ్లోంచి వచ్చి అడిగితే, కరెంటుకు కాలిపోయింది, రిపేరుకిచ్చాను, అన్నాను. నాలుగు రోజులాగి, బాగవదట, అన్నాను. అది ఏడవలేదు. ప్లగ్గు తీయకుండా వెళ్లాను కదా, అంది. అంతే అంది.

ఆ మాట దగ్గర నేను నిజం చెప్పేయాల్సింది. చెప్పలేదు. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాను, పరీక్షలయ్యాయి, మార్కులు బాగానే వచ్చాయి, అప్పుడు చెబితే ఉన్న మంచి కాస్తా చెడుతుందనిపించింది, తర్వాత ఇంకో పరీక్ష, తర్వాత అలవాటైపోయింది. దానికీ ఒక అలవాటైంది. ఇంట్లోంచి బయటికి వెళ్లే ముందు అన్ని ప్లగ్గులూ తీసేది. మిక్సీది, టీవీది, నా ఇస్త్రీ పెట్టెది, ఒకసారి ఫ్రిజ్‌ది కూడా తీసేసి వెళ్లింది, పాలు విరిగాయి, నేనే తిట్టాను. సగం మెట్లు దిగి మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేది. చుట్టాలు నవ్వేవారు, ఈ పిల్లకెంత జాగ్రత్తో అని. ఎనిమిదేళ్లు అలా తీసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఉద్యోగం వచ్చాక, ఆసుపత్రిలో రక్తాలవీ పరీక్ష చేసే ల్యాబులో, అక్కడికి దగ్గర్లో ఇంకో అమ్మాయితో గది తీసుకుంది, సామాను సర్దుకుంటూ గాజు గ్లాసులు చుట్టడానికి గుడ్డముక్కల కోసం గోనెలో చెయ్యి పెట్టింది. నేను వంటింట్లో ఉన్నాను. టింగుటింగు వినిపించింది. వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. పనిచేస్తోందమ్మా, అంది నా వైపు తిరక్కుండానే. నీ మంచికే చేశాను, అన్నాను నేను. అంతకంటే చెత్త మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ అనలేదు. అది వెళ్లిపోయింది. అలిగి కాదు, అరిచి కాదు. ఫోను చేస్తే మాట్లాడేది, బాగున్నాననేది, నాన్న మందులేసుకుంటున్నారా అనేది, పెట్టేసేది. నాలుగేళ్లు అలా నడిచింది.

కార్డులే మళ్లీ మాట్లాడించాయి. ఒక ఆదివారం నేను ఈ బల్ల దగ్గర కూర్చుని ఓడిపోతుంటే బాబాయితో ఏదో పనుండి వచ్చింది, నా వెనక నిలబడింది, కాసేపాగి, ఏనుగు కార్డును అప్పుడే దింపకు, అంది. అది ఎప్పట్నుంచో ఆడుతోందనీ, ఈ షాపులో దాన్ని మించినవాళ్లు లేరనీ నాకు అప్పటిదాకా తెలియదు. ఆ తర్వాత ఫోనులో, ఈవారం ఎన్ని గెలిచావు, అని అడిగేది. ఏ కార్డు తీసి ఏది పెట్టాలో చెప్పేది. గంటసేపు. నాన్న మందుల దాకా వచ్చేసరికి అర్ధగంట ఏనుగు మీదే అయ్యేది. ఈ గెలుపు దేనికంటే, షాపు తరఫున నలుగురు పెద్ద పోటీకి వెళ్తారు, ముగ్గురు ఖాయమయ్యారు, మా అమ్మాయి అందులో ఒకతె, నాలుగో మనిషి ఈరోజు ఎవరు గెలిస్తే వాళ్లు. రైల్లో రెండు రోజులు, అక్కడ మూడు, వచ్చేటప్పుడు మళ్లీ రెండు. ఏడు రోజులు. ఆడవాళ్లకు ఒకటే గది అని మరిది నాకు రెండుసార్లు చెప్పాడు, ఏమీ ఎరగనట్టు. ఏడు రోజులు పక్కపక్కనే ఉంటే కార్డులు కాని మాట కూడా ఒకటో రెండో రాకపోవు. నేననుకున్నదల్లా అది. ఇంకేమీ లేదు.

నేను ఇస్త్రీ చేసిన ఆ నాలుగు కార్డులూ పోయిన నెల అమ్మాయే నాకు ఇచ్చింది. మేం పడవవాడు అని పిలుచుకునే కార్డు, మనం పారేసిన కార్డును అవతలి ఒడ్డు నుంచి వెనక్కి తెస్తాడు, ఒకరు నాలుగు దాకా పెట్టుకోవచ్చు. నా పాతవి మూలలు నలిగి, నీళ్ల మరక ఒకటి పడి ఉండేవి. అమ్మాయి తెచ్చినవి మెరుపు కార్డులు, బొమ్మ మీద రేకులాంటి పొర ఉంటుంది, అటూ ఇటూ వంచితే నీళ్లు కదిలినట్టు కదులుతుంది. ఆడటానికి రెండూ ఒకటే, చూడ్డానికే తేడా. పుట్టినరోజూ కాదు ఏమీ కాదు, బల్ల మీద పెట్టి, పాతవి ఎవరికైనా ఇచ్చెయ్, అంది. కొత్తగా నేర్చుకుంటున్న ఒకామెకు ఇచ్చేశాను. వారం తర్వాత మరిది చెప్పాడు, వీటికోసం అమ్మాయి తన పన్నెండో ఏట నుంచి దాచుకున్న కార్డొకటి మార్పిడికిచ్చేసిందట, ఎంతమంది అడిగినా ఇవ్వనిదాన్ని. నాకు చెప్పొద్దందట. మరిదికి చెప్పొద్దంటే చెప్పమని అర్థం, మా పెళ్లైన కొత్తల్నుంచీ అంతే.

వానలు మొదలయ్యాయి. రేకు ఒకవైపు, అట్ట ఒకవైపు, అట్ట తేమ పీలుస్తుంది, రేకు పీల్చదు, ఇంకేముంది, నాలుగు కార్డులూ తడిసి ఆరిన కాలరు అంచుల్లా పైకి లేచాయి. వంగిన కార్డు కట్టలో తెలిసిపోతుంది, టీచరు ఒప్పుకోదు. కుట్టుమిషను మూత కింద రెండ్రోజులు పెట్టాను, తీసిన గంటకు మళ్లీ లేచాయి. బాగా ఆడేవాళ్లనెవరినైనా అడగాల్సింది, బియ్యం డబ్బాలో పెట్టమనేవారో ఏమో, కానీ అడిగితే అమ్మాయికి తెలుస్తుంది, దాని బహుమతి నా దగ్గర పాడైందని. ముప్పై ఏళ్లు కాలర్లు అణిచినదాన్ని, ఒక అట్టముక్క నా మాట వినదా అనుకున్నాను. ఇస్త్రీ పెట్టెను సిల్కు వేడి మీద పెట్టి, పైన పలచటి మల్లు గుడ్డ అడ్డం వేసి, కాలర్లో బిగుతు కోసం బక్రం అతికించేటప్పుడు లెక్కపెట్టినట్టే పది లెక్కపెట్టి, తీసి, రాతి పలక కింద పెట్టి చల్లారనిచ్చాను. అద్దంలా వచ్చాయి. మళ్లీ లేవలేదు. కవర్లలో దూర్చి కట్టలో కలిపేశాను, ఎంత బాగా కుదిరిందో అని సాయంత్రమంతా కూనిరాగం తీశాను కూడా.

పొద్దున రెండో ఆటలో మొదటిసారి తెలిసింది. కట్ట మీది కార్డు తీయబోతూ వేలు ఆన్చాను, కవరు మీంచే, బక్రం తగిలింది. బక్రం అంటే బక్రం కాదు, అలాంటిది, లోపల తేమ లేని ఒక బిగుతు, మిగతావాటికి లేనిది. తీస్తే పడవవాడు. కాకతాళీయం అనుకున్నాను. మళ్లీ ఒకసారి, మళ్లీ ఒకసారి. వేరేవాళ్ల వేళ్లకు అందేది కాదది. నేను చీకట్లో గుడ్డకు ఏది మంచి వైపో చెబుతాను, నూలులో ఎంత కలిపారో నలిపి చెబుతాను, ఒకాయన కోటు తెచ్చి లోపలి అస్తరు కూడా ఉన్నిదే అంటే, భుజాల దగ్గర కాదు మార్చారు అని చెప్పి గొడవ పెట్టుకున్నదాన్ని. నేను నేర్పలేదు ఆ వేళ్లకు, వాటంతటవే నేర్చుకున్నాయి. సెమీఫైనల్ లిఫ్టు మెకానిక్కుతో. మంచివాడు, నన్ను అక్కా అంటాడు, గోళ్లలో గ్రీజు పోదు, అందుకని కార్డుల అంచులు మాత్రమే పట్టుకుంటాడు. మూడో ఆట, గెలిచినవాళ్లు ఫైనల్‌కి. నా చేతిలో ఏనుగుంది, దింపాలంటే ఇంకా నాలుగు వంతులాగాలి, అప్పటిదాకా నేనుండను. మా ఆటలో కొత్త కార్డు తీసే ముందు చేతిలోది ఒకటి పారేయొచ్చు, పారేసింది పోయినట్టే, పడవవాడొస్తే తప్ప, వస్తే అది నేరుగా బల్ల మీదికే వచ్చి నిలబడుతుంది. కట్ట మీద వేలు పెట్టాను. బిగుతు. చెయ్యి వెనక్కి తీసుకుని ఏనుగును పారేశాను. చుట్టూ ఉన్నవాళ్లు బల్ల మీదికి వంగారు. పడవవాణ్ణి తీశాను, ఏనుగు బల్ల మీదికొచ్చింది, లిఫ్టు మెకానిక్కు తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. మరిది, ఏం ధైర్యం వదినా, అన్నాడు. ఏదో అనిపించింది, అన్నాను. ఏదో అనిపించింది. అమ్మాయి ఎదురుగానే నిలబడి ఉంది, చప్పట్లు కొట్టిందో లేదో నేను చూడలేదు, అటు చూడలేదు.

రెండున్నర. టీచరు డాక్టరుగారి కట్ట పట్టుకుంది, నాది అయిపోయినట్టుంది, పెట్టెలో పెట్టి పక్కన పెట్టింది, ఏమీ లేదు అన్నట్టే. ఇక నేను మాట్లాడకపోతే అంతే, ఎవరికీ తెలియదు. వేలికి బంక రాసుకుని ఎండబెడితే తెలియకుండా పోతుందా అని నిజంగానే ఆలోచించాను. బొటనవేలితో తీస్తే? బొటనవేలు ఇంకా ఘోరం, దానికి బట్ట బరువు కూడా తెలుసు. ఫైనల్లో డాక్టరుగారినే నా కార్డులు తీసి ఇమ్మంటే? ఎందుకమ్మా అంటాడు. మరిది దగ్గర మామూలు పడవవాళ్లు నాలుగు అడిగి తీసుకుని మార్చుకోవచ్చు, అదే కార్డుకు అదే కార్డు మార్చుకోవచ్చని నియమంలోనే ఉంది, టీచరు ఎందుకని అడిగితే, మళ్లీ వంగుతున్నాయి అంటే సరిపోతుంది. అప్పుడు ఫైనల్ నిజాయితీగానే ఆడినట్టవుతుంది. ఓడితే ఓడతాను, గెలిస్తే గెలుస్తాను. ఈ ఆలోచన వచ్చాక ఒక రెండు నిమిషాలు ఎంత తేలిగ్గా ఉందో. కానీ ఫైనల్ దాకా నన్ను తెచ్చిందెవరు? ఆ ఏనుగు అక్కడే నిలబడి ఉంది. లిఫ్టు మెకానిక్కు వెళ్లిపోలేదు, ఫైనల్ చూడాలని గుమ్మం దగ్గర కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నేను తెలిసి చేశానా? చేతికి తెలిసింది, నాకు తెలియదని అనొచ్చా? చెయ్యి నాది కాదా? గోనెలో పెట్టెను పెట్టింది కూడా ఈ చెయ్యే, దాన్నేమీ అనకుండా నా మంచితనం మీద పెట్టేశాను కదా అప్పుడు. అది దొరికిన అబద్ధం. ఇది దొరకనిది. గోనె లేదు, పెట్టె లేదు, చెయ్యి పెట్టి తీసేందుకేమీ లేదు, నా వేలి కొన తప్ప. ఏడు రోజులు రైల్లో, ఒకే గదిలో, పక్క మంచం మీద, ఎంత దాపరికం లేకుండా మాట్లాడుకోవాలని వెళ్తానో, అక్కడ దీన్ని ఎక్కడ పెట్టుకుంటాను? మళ్లీ వచ్చాక చెబుదాం అనుకుంటాను. అలాగే అనుకుంటాను, నాకు తెలుసు నా సంగతి.

రెండూ నలభై. లేచాను. లోపలి గది తలుపు తోసి, టీచరు గారూ, నా పడవవాళ్లు నాలుగూ వెనకనుంచి నాకు తెలుస్తాయి, అన్నాను. ఆమె కళ్లద్దాల మీంచి చూసింది. నేనిప్పుడే చూశాను, ఏమీ లేదు, మీరు కంగారుపడుతున్నారు, అంది. ఇస్త్రీ చేశాను, అన్నాను. ఆమె నాలుగూ విడిగా తీసి వంచింది, తట్టింది, దీపం కింద పెట్టింది, డాక్టరుగారిని పిలిచి పట్టుకోమంది, పళ్లలో సన్న బీట కూడా వేలితో పట్టే మనిషి, ఆయన కళ్లు మూసుకుని తడిమి, లేదమ్మా, అన్నాడు. ఈలోగా మరిది వచ్చాడు, నా చెవి దగ్గరికొచ్చి, వదినా, ఎవరికీ తెలియనిది మీరెందుకు తవ్వుతారు, కూర్చోండి, అన్నాడు. ఆ కూర్చోండిలో ఆ ఏడు రోజులూ ఉన్నాయి, అతనికీ అవే కావాలి పాపం. నలభై కార్డులూ కలిపి బల్ల మీద బోర్లా పరచమన్నాను. టీచరు ఐదు వరసలు పరిచింది. అందరూ వచ్చి చుట్టూ మూగారు, టింగుటింగు ఆగిపోయింది, అమ్మాయి ఎక్కడుందో నేను చూడలేదు. మొదటి వరస మీద వేలు నడిపాను, నాలుగో దాని దగ్గర ఆగి తిప్పాను. పడవవాడు. రెండో వరసలో ఏమీ లేదు. మూడో వరసలో రెండు, పక్కపక్కనే. చివరిది ఐదో వరస చివర. అది తిప్పాక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఇది చప్పట్ల సంగతి కాదని గుర్తొచ్చి ఆపేశారు. పొద్దున ఏనుగును అందుకే పారేశాను, అన్నాను లిఫ్టు మెకానిక్కు వైపు చూసి.

టీచరు రాసుకుంది. కావాలని చేసిన గుర్తు కాదని రాసింది, గట్టిగా చదివి వినిపించింది కూడా, కానీ సెమీఫైనల్ గెలుపు నిలవదు, ఫైనల్ ఆడాల్సింది లిఫ్టు మెకానిక్కు, అంది. ఆయన లేచి ప్యాంటుకు చేతులు తుడుచుకున్నాడు.

"నేనైతే చెప్పేవాణ్ణి కాదక్కా," అన్నాడు.

"నువ్వు ఇస్త్రీ కూడా చేసేవాడివి కాదులే," అన్నాను.

వాళ్లు బల్లల గదిలోకి వెళ్లారు, మనుషులంతా వాళ్ల వెంటే వెళ్లారు. నేను పరిచిన కార్డులు ఏరుతూ ఉండిపోయాను. ఎవరో ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నారు, చూడకుండానే అమ్మాయని తెలిసింది, దాని గదిలో ఆరేసిన బట్టల వాసన. నాలుగు పడవవాళ్లనీ తీసుకుంది, ఒకదాన్ని కవర్లోంచి తీసి వెలుతురుకు పట్టి వంచి చూసింది.

"ఏ వేడి మీద పెట్టావు?"

"సిల్కు."

"ఆవిరి?"

"పెట్టలేదు. మల్లు గుడ్డ అడ్డం వేశాను."

"రేకు మీద గుడ్డ నేత పడింది, చూడు. ఇంక వీటిని ఎవరూ మార్పిడికి తీసుకోరు."

తీసుకోరు, అన్నాను. నువ్వు వీటికోసం ఏమిచ్చావో నాకు తెలుసు, అని కూడా అన్నాను. బాబాయి నోరు, అంది. కార్డును మళ్లీ కవర్లోకి తోసింది, దాని వేళ్లు నా వేళ్లలాగే ఉంటాయి, పొడుగు తక్కువ, కొనలు చదును. బల్లల గదిలో టీచరు ఇద్దరినీ కట్టలు కలపమని చెబుతోంది.

"ఏనుగును పారేసినప్పుడే నాకు తెలిసిందమ్మా," అంది. "ఏదో అనిపించింది అన్నావు చూడు. అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు దారం కొరుకుతున్నట్టు పెదవి బిగిస్తావు. ఆ రిపేరువాడు బాగవదన్నాడని చెప్పినప్పుడూ అలాగే బిగించావు. అప్పుడు నాకు తెలియలేదు. ఆ పెట్టె దొరికాక కూర్చుని ఒక్కొక్కటీ గుర్తుచేసుకున్నా."

నా పెదవి ఎలా ఉందో చూసుకుందామన్నట్టు చెయ్యి మూతి మీదికి వెళ్లింది, దించుకున్నాను. నీతో అబద్ధం ఆడాను, ఎనిమిదేళ్లు ఆ ప్లగ్గులు తీస్తుంటే చూస్తూ ఊరుకున్నాను, అది నీ మంచికి కాదు, చెప్పడం చేతకాక, అన్నాను. రైల్లో రెండో రోజు చెబుదామనుకున్న మాట అది. ఇలా, లోపలి గదిలో, కట్ట సర్దుకుంటూ వస్తుందనుకోలేదు. అది ఊఁ అంది. క్షమించాననలేదు, కళ్లు తుడుచుకోలేదు, ఊఁ అంది.

"తెలిసి మరి టీచరుకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మూడింటి దాకా టైముంది కదా."

గడియారం చూశాను, మూడూ రెండు. బల్లల గదిలో మొదటి కార్డు పడినట్టుంది, డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. వాళ్లలో ఎవరు గెలిచినా వచ్చే నెల దానితో రైలెక్కుతారు, నేను స్టేషను దాకా వెళ్తానేమో, వెళ్లనేమో, మా ఆయన షిఫ్టును బట్టి. అమ్మాయి నాలుగు పడవవాళ్లనీ తన చొక్కా జేబులో పెట్టుకుంది. సంచీలోంచి తన కట్ట తీసి బల్ల మీద పెట్టి కలపడం మొదలుపెట్టింది, చూస్తావేం, కానీ, అన్నట్టు గడ్డంతో సైగ చేసింది.

"నా దగ్గర ముప్పై ఆరే ఉన్నాయి," అన్నాను.

"ముప్పై ఆరుతోనే ఆడు."

కలిపాను. దానితో కట్ట కోయించి ముందు పెట్టుకున్నాను. పై కార్డు మీద వేలు ఆన్చాను. ఏమీ తెలియలేదు. తీశాను.